రెండు సంచుల మధ్య నెత్తురు

నేను లాకప్ తలుపు తోసేసరికి మీసం చేతిలో లాఠీ ఇంకా గాల్లోనే ఉంది. గోడకి ఆనుకుని కూలబడ్డవాడి పెదవి చిట్లిపోయి, ముందుపన్ను ఒకటి ఊడి ఒళ్ళో పడి ఉంది. కేకలు వెయ్యడం అప్పటికే మానేశాడు. కొట్టేవాడికి ఇంకా అలుపు రాలేదు గాని, దెబ్బలు తినేవాడికి అరిచే ఓపిక అయిపోయింది.

"ఆ కర్ర దించు," అన్నాను.

"మేడం గారా! రండి, రండి. మీరు లేక స్టేషను బోసిపోయిందనుకోండి," అన్నాడు మీసం, కర్ర దించకుండానే.

మీసం అంటే ఈ ఊరి ఇన్‌స్పెక్టరు. నేను యూనిఫాంలో ఉన్న రోజుల్లో నా కింద పనిచేశాడు. నేను తేల్చిన కేసులు తన ఖాతాలో వేసుకుని పైకొచ్చాడు. నేను ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచాను, అతను మీసం పెంచాడు. మా ఇద్దరికీ పడదని స్టేషను బయట పడుకునే కుక్కకి కూడా తెలుసు.

మొన్న మధ్యాహ్నం అడవిలో ఒకామెని తల పగలగొట్టి చంపారు. ఊరంతా ఆమెని ఆకులక్క అనేది. చెట్ల కింద వలలు కట్టి, వాటిలో రాలిన ఆకులు ఏరి, ఆ ఆకుల్లో పాదరసం ఎంతుందో ల్యాబ్‌లో తేల్చడం ఆవిడ పని. బంగారం కాల్చే షాపుల పొగ అడవిని లోపల్నుంచి చంపేస్తోందని పదిమందిలో గట్టిగా చెప్పిన మనిషి. ఇప్పుడు లాకప్‌లో నెత్తురు కక్కుతున్నవాడు ఆమె సొంత తమ్ముడు. అలాంటి షాపులోనే వాడికి పని. ఆ షాపు యజమానిని అందరూ కుంపటి అంటారు.

ఆ అక్కాతమ్ముళ్ళ తల్లి పొద్దున్నే నా ఆఫీసుకొచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. "కూతుర్ని ఎలాగూ తేలేవు. కొడుకునైనా తెచ్చిపెట్టమ్మా," అంది. సరేనని తల ఊపాను. సాయంత్రం వాణ్ణి పెద్ద స్టేషనుకి మారుస్తున్నారన్న సంగతి అప్పటికే నా చెవిన పడింది. దారిలో పారిపోబోయాడని చెప్పి వెనక నుంచి కాల్చెయ్యడం మీసానికి కొత్త కాదు. అంటే వాడి ఆయుష్షు సాయంత్రం దాకానే.

వాడి పక్కన కింద కూర్చున్నాను.

"షాపు ముందు అక్కతో గొడవ పడ్డావట?"

"పడ్డాను." మాటలు ఒకదాని మీద ఒకటి జారిపోతున్నాయి. "ఆ పని మానెయ్యరా అంది. మానేస్తే అమ్మకి ఎవరు పెడతారన్నాను. నడిబజార్లో నా చేతులు పట్టుకుని ఏడ్చేసింది మేడం. సిగ్గేసి తోసేశాను. అదే ఆఖరు. తోసెయ్యడమే ఆఖరు."

మీసం టేబుల్ మీదున్న ప్లాస్టిక్ కవరు ఎత్తి చూపించాడు. అందులో మూరెడు పొడుగున్న ఇనప పటకారు. నిప్పు మీది మూకుణ్ణి పట్టుకుని దించేది. దాని మొన మీద నెత్తురు ఎండి, వెంట్రుకలు నాలుగు అతుక్కుని ఉన్నాయి.

"శవం పక్కనే దొరికింది. ఎవడిదిరా ఇది?"

"నాదే."

"విన్నారుగా! నాదే అని వాడే అంటున్నాడు. ఇంకేం కావాలి మీకు?"

"నాదే గాని నా దగ్గర లేదు సార్. చెయ్యి వణుకుతోందని కుంపటి నన్ను కాల్చే పనిలోంచి తీసేసి ఊడ్చే పనిలో పెట్టాడు. ఇంకెందుకులే అని ఆ పటకారు అక్కా వాళ్ళింట్లో పడేశాను."

"బాగా అల్లాడు," అన్నాడు మీసం. "సినిమాకి రాసుకోరా, డబ్బులొస్తాయి."

నేను టీ తెప్పించి గ్లాసు వాడి చేతికిచ్చాను. ఒళ్ళో ఉన్నంతసేపూ చెయ్యి కాస్త అదురుతోందంతే. నోటి దగ్గరికి వస్తున్నకొద్దీ ఆ అదురు పెద్దదై, పెదవి అందేలోపే సగం టీ చొక్కా మీద పడింది. నోరు తెరిపించి చూశాను. చిగుళ్ళ వెంట నల్లటి గీత. ఏళ్ళ తరబడి పాదరసం ఆవిరి పీల్చినవాళ్ళ నోరు అలాగే ఉంటుంది.

"డాక్టరు ఏం చెప్పాడు?" అని మీసాన్ని అడిగాను. "దెబ్బలెన్ని?"

"రెండు."

"ఎక్కడ?"

"తల వెనక. ఒకదాని మీద ఒకటి. మొదటి దెబ్బకే ప్రాణం పోయిందన్నాడు. అయితే?"

నేను లేచి, సుద్దముక్కతో గోడ మీద పళ్ళెమంత సున్నా గీశాను. మీసం చేతిలోంచి లాఠీ లాక్కుని వాడికిచ్చాను. కానిస్టేబుళ్ళు నలుగురూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు.

"ఇన్‌స్పెక్టరు గారి మొహం అనుకుని ఆ సున్నాలో కొట్టు," అన్నాను. "ఉన్న బలమంతా పెట్టు."

వాడు పళ్ళు బిగించి కొట్టాడు. కర్ర సున్నాకి జానెడు ఎడంగా తగిలింది. రెండోది ఇంకా దూరం. మూడోది కొట్టబోతే కర్ర గాల్లోనే వంకర తిరిగి, పక్కన నిలబడ్డ మీసం వేలి కణుపుల మీద పడింది. మీసం వేసిన కేకకి బయట కుక్క లేచింది. ఒక కానిస్టేబులు నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాడు.

"నాటకం! అంతా నాటకం!" అని మీసం వాడి కడుపులో ఒక్క తన్ను తన్నాడు.

నేను ఇద్దరి మధ్యకి వెళ్ళి అతని కాలరు పట్టుకున్నాను. "నటించేవాడైతే పన్ను ఊడినప్పుడే మానేసేవాడు. ఒకే గాయంలో రెండు దెబ్బలు దించిన చెయ్యా ఇది? సాయంత్రం వీడు దారిలో పోతే, ఆ సుద్ద గీతని జడ్జి గారికి నేనే చూపిస్తాను. చూసిన సాక్షులు నీ మనుషులే. ఒకడైతే నవ్వాడు కూడా."

మీసం వాచిన వేళ్ళు చూసుకున్నాడు, గోడ చూశాడు. "వదుల్తాను. ఊరు దాటకూడదు. ఎవరైనా పూచీ పడాలి."

ఆ పూచీదారు ఎవరో చెప్పింది నేనే. ఆ మాట ఇప్పటికీ నా నాలుక మీద చేదుగా ఉంది. వరండాలో పొద్దుట్నుంచీ బావమరిది కోసం కాచుక్కూర్చున్న మనిషి ఒకడున్నాడు. ఆకులక్క మొగుడు. ఆమెతో కలిసి ల్యాబ్‌లో పనిచేసేవాడు. బక్కపలచగా, గడ్డం మాసిపోయి, చూస్తేనే జాలేసేటట్టున్నాడు. లోపలికి రాగానే తమ్ముడు "బావా" అని అతని భుజం మీద వాలిపోయాడు. అతను జేబురుమాలు తీసి వాడి మూతి తుడిచాడు. సంతకం పెట్టాడు.

"మీ ఆవిడ పని గురించి నాకు కాస్త చెప్పండి," అన్నాను. "షాపులు ఊళ్ళో ఉన్నాయి. పాదరసం అడవిలోకి ఎలా పోతుంది?"

"గాల్లోనే మేడం." అతని గొంతు మెత్తగా ఉంది. "బంగారాన్ని పట్టుకున్న పాదరసాన్ని మూకుట్లో పెట్టి కాలుస్తారు. బంగారం అడుగున మిగుల్తుంది, పాదరసం ఆవిరై గొట్టంలోంచి పైకి పోతుంది. పోయింది కదా అనుకుంటారు అందరూ. ఎక్కడికీ పోదు. కొండమీద ఆకులు గాలి పీల్చినప్పుడల్లా దాన్నీ పీల్చుకుంటాయి. ఆకు ముదిరేకొద్దీ లోపల పేరుకుంటుంది. రాలితే నేలకి దిగుతుంది, వానకి చెమ్మలో కలిసి ఇంకా విషమవుతుంది. పురుగు తింటుంది, పురుగుని సాలీడు తింటుంది, సాలీడుని పిట్ట తింటుంది. బోడి మైదానంలో ఇంత పడదు మేడం. అడవి ఎంత చిక్కగా ఉంటే అంత ఎక్కువ పడుతుంది. పచ్చగా ఉండడమే దాని ఖర్మ అనేది మా ఆవిడ."

కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ కళ్ళు చెమర్చాయి, అబద్ధమెందుకు.

"ఎప్పుడూ ఇద్దరమే వెళ్ళేవాళ్ళం. తను లోపలి చెయ్యి, నేను బయటి చెయ్యి. ఆకుల్ని ముట్టుకునేవాళ్ళు ఇంకేదీ ముట్టుకోకూడదు. మిగతావన్నీ ముట్టుకునేవాళ్ళు ఆకుల్ని ముట్టుకోకూడదు. ఆకులు ఒక సంచిలో పెట్టి మూసి, ఆ సంచిని ఇంకో సంచిలో పెట్టి మూస్తాం. ఎంత అలవాటైపోయిందంటే, ఇంట్లో ఉప్పు పొట్లం కూడా రెండు సంచుల్లోనే ఉంటుంది." నవ్వబోయి ఆగిపోయాడు. "ఆ రోజు నాకు జ్వరం. ఒక్కత్తే వెళ్ళింది."

తమ్ముణ్ణి నడిపించుకుని వెళ్తూ గుమ్మంలో వెనక్కి తిరిగాడు. "మీరు అక్కడికి వెళ్తే ఒక్క సాయం చెయ్యండి మేడం. వల దగ్గర తెల్ల పెట్టె ఉంటుంది. తన ఆఖరి ఆకులు. వాటినైనా ల్యాబ్‌కి చేర్చాలి. నాకు ఆ చోటికి వెళ్ళే ధైర్యం లేదు."

తెస్తానని మాటిచ్చాను.

"నేనూ వస్తా," అన్నాడు మీసం, వేళ్ళకి గుడ్డ చుట్టుకుంటూ. "మిమ్మల్నొక్కర్నే పంపితే అక్కడ లేని సాక్ష్యాలు కూడా మొలుస్తాయి."

జీపు కొండవాలు సగం దాకా వెళ్ళి ఆగింది. అక్కణ్ణుంచి నడక. అడవి పచ్చగా, తడిగా, ఆరోగ్యంగా ఉంది. నాలుగు ఇనపకడ్డీల మీద నడుమెత్తున వల కట్టి ఉంది. వల అంచు మీద, పక్క చెట్టు మాను మీద నెత్తురు చిమ్మిన చారలు నల్లబడ్డాయి. ఆమె పడ్డ చోట నేల అణిగి ఉంది. మెడ గాని భుజం గాని తిప్పుకునే వ్యవధి ఆమెకి దొరకలేదు. వలలోకి వంగి ఉండగా కొట్టారు. తెలియని మనిషి అడుగుల చప్పుడు వింటే ఎవరైనా వెనక్కి చూస్తారు. ఆమె చూడలేదు.

తెల్ల పెట్టె చెట్టు మొదట్లో మూత పెట్టి ఉంది.

"ఇది తెరిచారా?"

"ఆకులకి కూడా పంచనామా రాయమంటారా మేడం?"

చేతులకి గ్లవ్స్ వేసుకుని మూత తీశాను. లోపల ఒక సంచి, దాని లోపల ఇంకో సంచి. బయటిది పారదర్శకమైన ప్లాస్టిక్, మూతి నొక్కి, రెండు మడతలు పెట్టి, నీటుగా మూసి ఉంది. దాని పైన ఎక్కడా మరక లేదు. దాన్ని వెలుతురుకి ఎత్తాను.

లోపలి సంచి మీద గోధుమరంగు బొటనవేలి మచ్చ. దాని పక్కనే మూడు చుక్కలు. నెత్తురు లోపలి సంచికి బయట ఉంది. బయటి సంచికి లోపల ఉంది.

"ఇన్‌స్పెక్టరు గారూ, ఇలా రండి."

"ఏంటి, సాక్ష్యం మొలిచిందా?" అని అతను సంచి లాక్కోబోయాడు. ఇవ్వలేదు. నా జుట్టు పట్టుకుని వెనక్కి గుంజాడు. నేను తిరిగి అతని వాచిన వేళ్ళు దొరకబుచ్చుకుని మెలితిప్పాను. ఇద్దరం ఆకుల్లో దొర్లాం. అతని మోకాలు నా పక్కటెముకల్లో దిగింది, నా మోచెయ్యి అతని ముక్కు మీద. ముక్కులోంచి బొటబొటా కారింది. ఎన్నేళ్ళనుంచో ఆ మోచెయ్యి ఆ ముక్కు కోసం ఎదురుచూస్తోంది, దానికి నేను బాధపడను. సంచి మాత్రం పైకెత్తి పట్టుకునే ఉన్నాను.

"కొట్టుకోవడం తర్వాత! ముందు చూడవయ్యా!" అని అరిచాను. "నెత్తురు చిందాక ఈ రెండో సంచి మూశారు. మొదటి దెబ్బకే ఆమె పోయిందని నువ్వే చెప్పావు. మరి మూసిందెవరు?"

మీసం ముక్కు పట్టుకుని లేచి కూర్చున్నాడు. చూశాడు. ఈసారి నిజంగా చూశాడు.

కింద నుంచి ఒక రాలిన ఆకు తీశాను. తొడిమ చివర ఎండి, మానిన పుండులా నున్నగా ఉంది. చెట్టు తనంతట తాను వదిలేసిన ఆకు అలాగే ఉంటుంది. సంచిలో ఆకుల తొడిమలు వెలుతురులో చూపించాను. ఒక్కొక్కదానికీ చివర పచ్చటి బెరడు పీలిక వేలాడుతోంది. అన్నీ లేతాకులు.

"ఇవి రాలినవి కావు. కొమ్మనుంచి తుంచినవి. నిన్నగాక మొన్న పుట్టిన ఆకులో పాదరసం ఏముంటుంది? ఇవి ల్యాబ్‌కి వెళ్తే అడవి శుభ్రంగా ఉందని తేలుతుంది. కుంపటి షాపు హాయిగా నడుస్తుంది. ఆకులక్క ఏరిన ఆకులు పారబోసి ఎవడో ఇవి నింపాడు. ఆమె ఒళ్ళు ఇంకా వెచ్చగా ఉండగానే నింపాడు."

"కుంపటి మనుషులెవరో..."

"కుంపటి మనిషైతే ఒక సంచిలో కుక్కి పారిపోతాడు. కాళ్ళ దగ్గర శవం, చేతికి నెత్తురు. అప్పుడు కూడా గ్లవ్స్ మార్చుకుని, సంచిని ఇంకో సంచిలో పెట్టి, రెండు మడతలు వేసి మూసేవాడెవడు? ఆలోచించి చేసింది కాదిది. చెయ్యి దాని అలవాటు కొద్దీ అది చేసుకుపోయింది."

మీసం సంచి మడతల వైపు వంగి చూశాడు. "ఉప్పు పొట్లం," అన్నాడు మెల్లిగా.

ఇద్దరం ఒక్కసారే లేచాం. పటకారు అక్కా వాళ్ళింట్లో పడేశానని తమ్ముడు చెబుతూనే ఉన్నాడు. అక్కా వాళ్ళిల్లంటే బావ ఇల్లే కదా! ఆ మాట విని కూడా నా బుర్రకెక్కలేదు. కుంపటి డబ్బుకి అమ్ముడుపోయి ఉంటాడు బావ. పెట్టెని మా చేతుల మీదుగా ల్యాబ్‌కి చేర్పించుకోవాలనుకున్నాడు, ఎవరికీ అనుమానం రాకుండా. నింద మోసే తమ్ముడు దారిలో పోలీసు తూటాకి పోతాడని స్టేషన్లో కాచుక్కూర్చున్నాడు. నేను అడ్డుపడి విడిపించి, సంతకం పెట్టించి, వాణ్ణి తీసుకెళ్ళి అతని చేతిలోనే పెట్టాను.

జీపు వైపు పరిగెత్తుతూ తమ్ముడి ఫోనుకి చేశాను. చాలాసేపటికి ఎత్తాడు.

"ఎక్కడున్నావు?"

"కుంపటి పాత షాపులో మేడం. బయట జనం కనబడితే చంపేస్తారని, సాయంత్రం దాకా ఇక్కడ దాక్కోమన్నాడు బావ. షట్టరు దించి తాళం వేసుకుని వెళ్ళాడు. కాస్త పడుకున్నా." దగ్గాడు. "నోరంతా ఇనుము నాకినట్టుంది."

"లోపల ఏం కనబడుతోంది? చెప్పు, త్వరగా!"

"చీకటే మేడం. గ్యాసు పొయ్యి వెలుగుతోంది. చలేస్తుందని వెలిగించి వెళ్ళాడు. దాని మీద మూకుడేదో ఉంది, నీళ్ళు పెట్టాడేమో." లేచి నడిచిన చప్పుడు. "నీళ్ళు కాదు మేడం. పాదరసం. మూకుడు నిండా ఉంది. కాగుతోంది."

"గొట్టం?"

"చెయ్యి అందనంత లోపలికి గుడ్డలు కుక్కేశాడు. షట్టరు కింద కూడా, బయటి నుంచి. బావ... బావెందుకు మేడం..."

"పొయ్యి ఆపెయ్!"

"తిప్పే పిడి పీకేశాడు. సన్నటి ఇనపపుల్ల ఒక్కటే ఉంది. పట్టుకోబోతే వేళ్ళు పక్కకి పోతున్నాయి. అందట్లేదు మేడం, దగ్గరికెళ్తుంటే చెయ్యి..."

"మూకుడు దించెయ్!"

"పటకారు లేదు."

పటకారు స్టేషన్లో ఉంది, ప్లాస్టిక్ కవర్లో, మీసం టేబుల్ మీద.

"నేలకి దిగకు. ఆ ఆవిరి కిందకే దిగుతుంది. బల్లో, పెట్టో, ఏదుంటే అదెక్కి నిలబడు. చొక్కా తడిపి మూతికి కట్టుకో. వస్తున్నాం."

పక్కన మీసం ఒక చేత్తో జీపు దూకిస్తూ, ఇంకో చేత్తో స్టేషనుకి ఫోను చేసి అరుస్తున్నాడు. "కుంపటి పాత షాపు! షట్టరు పగలగొట్టండి! వాడి బావ ఎక్కడున్నాడో వెతకండి!"

కానిస్టేబులు జవాబు నాకూ వినిపించింది. "ఆయన ఇక్కడే ఉన్నారు సార్. వరండాలో కూర్చున్నారు. ఆకుల పెట్టె ఎప్పుడొస్తుందని అడుగుతున్నారు. ఇప్పుడే టీ ఇచ్చాం."

"తాళంచెవి వాడి జేబులో ఉంటుంది! పట్టుకోండి వాణ్ణి!"

బెంచీ పడ్డ చప్పుడు. గాజు పగిలింది. కానిస్టేబులెవరో "నా కన్ను, నా కన్ను" అని కేకపెట్టాడు. బూట్ల పరుగులు. లైను తెగిపోయింది. మీసం స్టీరింగు మీద పిడికిలితో గుద్దాడు. ముక్కులోంచి కారుతున్న నెత్తురు తుడుచుకోలేదు.

నా ఫోనులో తమ్ముడి దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. మధ్యలో, ఊపిరి అందినంతమేర, అడిగాడు. "మేడం... పొద్దున సున్నా గీశారే. దాంట్లో తగిలుంటే... ఇప్పుడిది కట్టేసేవాణ్ణి కదా?"

నాకు ఏడుపొచ్చింది. "మాట్లాడకు నాన్నా. ఊపిరి బిగబట్టు. మీ అమ్మకి మాటిచ్చాను," అన్నాను.

జీపు లోయ మలుపు బ్రేకు లేకుండా తిరిగింది. దూరంగా ఊరి కప్పులు కనిపించాయి. ఫోనులో దగ్గు ఆగిపోయింది. పొయ్యి బుస మాత్రం వినిపిస్తూనే ఉంది.